పేము బుట్టలో వెచ్చదనం

వీధి మొత్తానికి ఆమె వదిన. పాలు పోసేవాడి నుంచి విరిగిన కుర్చీ భుజాన వేసుకొచ్చే గుమాస్తా దాకా అందరూ అలాగే పిలిచేవారు. ఆ పిలుపు మొదలైంది మేడ మీద గదిలో ఉండే ఆడపడుచు నోటి నుంచి. ఆవిడ హైస్కూల్లో రసాయనశాస్త్రం టీచరు. పొద్దున్నే బడికి బయల్దేరుతూ మెట్ల మీంచి "వదినా, తాళంచెవి పడెయ్!" అని వేసే కేక వీధి చివర పాన్‌షాపు దాకా వినపడేది. విని విని వీధి ఆ వరసే ఖాయం చేసుకుంది.

ఆ ఇంట్లో కింది గది పనిగది. వీధి వైపు షట్టరు, లోపలి వైపు వంటిల్లు, దాని వెనక ఇరుకైన పెరడు. పనిగదిలో ఎప్పుడూ కాళ్ళు పైకెత్తిన కుర్చీలు, సొరుగులూడిన బల్లలు, చేతులు విరిగిన సోఫాలు. వదిన భర్త కుర్చీల మేస్త్రి. పాత సామానుకి ప్రాణం పోస్తాడని పేరు. ఆయన చెక్కని గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించి, ఆ పైన పాలిష్ చేసేవాడు. వదిన పేము అల్లేది. కుర్చీ ఒకటే అయినా ఒళ్ళు ఆయనది, ఒడి ఆమెది అని టీచరు నవ్వేది.

మేస్త్రి మితభాషి. "మీ అన్నయ్య నోట్లోంచి మాట రావాలంటే దానికి కూడా ఉప్పుకాగితం పెట్టాలి" అనేది వదిన. ఆయనకొక అలవాటు ఉండేది. పని ముగియగానే నూనె తుడిచిన గుడ్డపీలికలన్నీ ఏరుకుని పెరట్లోకి వెళ్ళి, తీగ మీద ఒక్కొక్కటే విప్పి ఆరేసేవాడు. ఒకటి ఇంకోదానికి తగలకూడదు. మర్నాటికి అవి అట్టముక్కల్లా బిరుసెక్కి గాలికి టపటపమనేవి.

"పట్టుచీరలు ఆరేసినట్టు ఏమిటండీ ఆ సంబరం? పారేసే పీలికలే కదా!" అని ఆమె ఒకసారి అడిగింది.

"మా గురువు ఇలాగే ఆరేసేవాడు" అన్నాడు. అంతకు మించి ఆయనకీ తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఆయన పనిగది మూలన తన స్టూలు మీద, గోడకి వీపు ఆనించి, చేతిలో పీలికతోనే పోయాడు. వదిన అవతలి గోడ దగ్గర పేము నానబెడుతూ ఆయన కునుకు తీస్తున్నాడనుకుంది. లేపుదామని చెయ్యి పట్టుకుంది. వేళ్ళలో ఉన్న పీలికకి నూనె తడి ఇంకా ఆరలేదు. వేళ్ళు మాత్రం రాతిలా చల్లబడి ఉన్నాయి. ఆ చల్లదనం తన అరచేతికి అంటుకుపోయిందని ఆమె చాలాకాలం అనేది. ఎంత వేడి నీళ్ళలో ముంచినా పోలేదట.

*

సగంలో ఆగిన కుర్చీలు పనిగది నిండా ఉన్నాయి. వాటి తాలూకు మనుషులు మొహమాటపడుతూ వచ్చి, ఒక పలకరింపు పలకరించి, కుర్చీ వంక చూసి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకి వదిన లేచి షట్టరు ఎత్తింది. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని చూసిన పనే. నూనె డబ్బా మూత తీసింది. మొదటి కుర్చీకి మరకలు పడ్డాయి. రెండోది కాస్త నయం. ఆ తర్వాత చేతికి దారి దొరికింది.

పీలికల దగ్గరే చిక్కొచ్చింది. పెరట్లో తీగ మీద ఆయన చివరిసారి ఆరేసినవి ఇంకా వేలాడుతున్నాయి. వాటిని తీయడానికి ఆమెకి చెయ్యి రాలేదు. వాటి పక్కన తనవి వేయడానికి అసలే మనసు రాలేదు. అందుకని ఆయన స్టూలు పక్కన ఉన్న పెద్ద పేము బుట్టలో పడేయసాగింది. ఆ బుట్ట ఆమె అల్లిందే. ఆయన సుత్తీ ఉలీ పెట్టుకునేవాడు. వాటిని తీసి అలమర్లో సర్దింది.

ఒక సాయంత్రం పెద్ద భోజనాల బల్ల ఒకటి పూర్తిచేసి, నడుం పట్టేసి, మొదటిసారిగా ఆయన స్టూలు మీద కూర్చుంది. కాలికి బుట్ట తగిలింది. వెచ్చగా ఉంది.

పిల్లి పడుకుందేమో అనుకుంది. వంగి చూసింది. పిల్లీ లేదు, ఏమీ లేదు, పొద్దున్నుంచీ తను పడేసిన పీలికలే. వాటి మధ్యకి చెయ్యి పెట్టింది. ఎవరో అప్పటిదాకా కూర్చుని ఇప్పుడే లేచి వెళ్ళిన చోటు ఎలా ఉంటుందో, అలా ఉంది. షట్టరు కింది నుంచి చలిగాలి కొడుతోంది. గచ్చు చల్లగా ఉంది, గోడ చల్లగా ఉంది, ఇనుప డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఆ బుట్ట ఒక్కటే ఒంటి వెచ్చదనంతో ఉంది. దాంట్లోంచి ఒక వాసన లేచింది. అది నూనె వాసనే. కానీ చల్లటి నూనెది కాదు, మనిషి ఒంటి మీద వెచ్చబడిన నూనెది. మేస్త్రి చొక్కాకి ఉండే వాసన.

వదిన చెయ్యి తీయలేదు. చీకటి పడుతోందని దీపం వేయడానికి కూడా లేవలేదు.

మర్నాడు పేము పని తప్ప వేరే పని లేదు. సాయంత్రం ఆశగా బుట్టలో చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. ఆ మర్నాడు రెండు కుర్చీలకి నూనె పట్టించింది. మళ్ళీ వెచ్చదనం వచ్చింది. ఇలా కొన్నాళ్ళు గడిచేసరికి ఆమెకి లెక్క దొరికిపోయింది. తను ఒళ్ళొంచి పనిచేసిన రోజున ఆయన వస్తున్నాడు. బద్ధకించిన రోజున రావడం లేదు. ఎంత ఎక్కువ చేస్తే అంత దగ్గరగా వస్తున్నాడు. బతికున్నప్పుడు కూడా మెచ్చుకోలు అలాగే ఉండేది, మాటల్లేకుండా.

అప్పటి నుంచి ఆమె పని చూసి వీధి ముక్కున వేలేసుకుంది. అడిగినవాళ్ళకల్లా సరేననేది. ఒకరిద్దరు హోటలు కుర్చీల మొత్తం పని తెచ్చినా కాదనలేదు. ఒళ్ళు హూనమైనా మొహంలో కళ వచ్చింది. "కోలుకుంది, పాపం" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు.

*

టీచరు మాత్రం అలా అనుకోలేదు. ఆవిడ గది సరిగ్గా పనిగది మీదే. సాయంత్రాలు పరీక్ష కాగితాలు దిద్దుకుంటూ ఉంటే కింద నుంచి మాటలు వినపడేవి. ఎవరో వచ్చారనుకునేది. కానీ గొంతు ఒక్కటే. కాసేపు మాట, కాసేపు మౌనం, మళ్ళీ జవాబు చెబుతున్నట్టు మాట. ఒకసారి నవ్వు కూడా వినపడింది. మొగుడితో వేళాకోళమాడేటప్పుడు మాత్రమే నవ్వే నవ్వు అది. టీచరు చేతిలో ఎర్రకలం అలాగే ఆగిపోయింది.

కిందికి దిగి వెళ్ళింది. వదిన స్టూలు పక్కన గచ్చు మీద కూర్చుని, బుట్ట అంచు మీద తల ఆనించి ఉంది.

"ఎవరితో వదినా మాట్లాడుతున్నావ్?"

వదిన ఉలిక్కిపడలేదు. "రా, ఇటు రా. నీకు చెప్పకుండా దాచడం నాకూ బాగాలేదు. ఆయనకి సొంత చెల్లెలివి."

టీచరు చెయ్యి పట్టుకుని లాగి, బుట్టలోకి, పీలికల నడిమికి దూర్చింది. "చూశావా? మీ అన్నయ్య."

టీచరుకి మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఏళ్ళ తరబడి బోర్డు మీద సమీకరణాలు రాసిన మనిషి. అయినా ఆ క్షణంలో ఆ చేతికి తెలిసింది వేరే. లోపల ఎవరో ఉన్నారు. చిన్నప్పుడు చలి రోజుల్లో అన్నయ్య ఆవిడ చేతుల్ని తన చంకలో పెట్టుకుని వెచ్చబరిచేవాడు. అదే వేడి, అదే వాసన. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"భయపడకే. మనవాడేగా" అంది వదిన.

టీచరు మెట్లెక్కి తన గదికి వచ్చింది. కిటికీ తెరిచి గాలి పీల్చుకుంది. అప్పుడు వచ్చింది ఆలోచన. నూనె. గుడ్డ. గాలి. పదో తరగతి పిల్లలకి ప్రతి ఏడూ చెప్పే పాఠమే. ఆ ఆలోచన రాగానే మొదటి భయం పోయి, దాని చోట రెండోది వచ్చి కూర్చుంది. మొదటిదానికన్నా అది పెద్దది. లోపల అన్నయ్య ఉంటే ఎవరికీ ఏ హానీ లేదు. లేకపోతేనే ఉంది.

*

ఆదివారం పొద్దున టీచరు వంటింట్లోకి వచ్చింది. ఒక స్టీలు గ్లాసులో కాసిని నీళ్ళు పోసి, అందులో నిమ్మ ఉప్పు కరిగించింది. "వదినా, ఈ గ్లాసు పట్టుకో" అంది.

"ఏమిటే ఈ ఆటలు?"

"పట్టుకో, చెబుతా."

గ్లాసులో వంటసోడా వేసింది. బుసబుసమని నురగ పొంగింది. వదిన చేతుల్లో గ్లాసు చల్లబడసాగింది. నీళ్ళలో మంచు లేదు, బయట గాలి లేదు. అయినా అరచేతుల్లోంచి ఎవరో వేడిని జుర్రుకుంటున్నట్టు గ్లాసు చల్లబడుతోంది. వదిన మొహం పాలిపోయింది. గ్లాసు ఠక్కున గట్టు మీద పెట్టేసి, అరచేతులు చీరకి తుడుచుకుంది. ఆమెకి ఆయన చల్లటి వేళ్ళు పట్టుకున్న ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

"ఇందులో దయ్యమూ లేదు, దేవుడూ లేడు" అంది టీచరు మెల్లగా. "పదార్థాల్లో పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించాలంటే శక్తి పెట్టాలి. విడిపోయినవి కొత్తగా ఇంకోదాన్ని పట్టుకుంటే శక్తి బయటికి వస్తుంది. పెట్టింది ఎక్కువై, వచ్చింది తక్కువైతే ఆ లోటు చుట్టుపక్కల నుంచే లాక్కోవాలి. ఇప్పుడు నీ చేతుల్లోంచి లాక్కుంది. ఉష్ణగ్రాహక చర్య అంటాం. పెట్టింది తక్కువై, వచ్చింది ఎక్కువైతే మిగిలిందంతా వేడిగా బయటపడుతుంది. అది ఉష్ణమోచక చర్య."

"అయితే?"

"అవిసె నూనె ఆరడమంటే తడి ఆవిరైపోవడం కాదు వదినా. గాల్లో ఉన్న ఆక్సిజన్ని పట్టుకుని నూనె గట్టిపడుతుంది. ఆ పట్టు కుదిరినప్పుడల్లా వేడి వస్తుంది. కుర్చీ మీద పూత పల్చన. వచ్చిన వేడి వచ్చినట్టే గాల్లోకి పోతుంది, మనకి తెలియదు. బుట్టలో కుక్కితే పోవడానికి దారి లేదు. అందుకే..."

వదిన ఆవిడ మొహంలోకి చూసింది.

"అంటే మీ అన్నయ్యని పీలికల్లో కలిపేశావన్నమాట."

"అది కాదు వదినా, అది ప్రమాదం. వేడెక్కే కొద్దీ..."

"ఆడపడుచు అర్ధమొగుడంటారు. మొగుడు పోయినా అర్ధమొగుడు ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. ఉన్న ఆ కాస్తా తీసేస్తావా?" వదిన గొంతు పెంచలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. "నీ పాఠాలు నీ బళ్ళో చెప్పుకో. నా పనిగదిలోకి రాకు."

టీచరు ఆ మధ్యాహ్నం వదిన లేని సమయం చూసి పీలికల్ని తీసేద్దామని కిందికి దిగింది. షట్టరుకీ లోపలి తలుపుకీ రెండింటికీ తాళాలు వేసి ఉన్నాయి. తలుపుకి చెవి ఆనించింది. చప్పుడు లేదు. కానీ తలుపు సందులోంచి ఆ వాసన సన్నగా వస్తూనే ఉంది, లోపల మనిషి ఉన్నట్టే.

*

తర్వాత వారంలో చలి ముదిరింది. హోటలు కుర్చీల పని ఒక కొలిక్కి వచ్చింది. వదిన పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వరసగా కుర్చీలకి నూనె పట్టించింది. బుట్ట అంచు దాకా నిండింది. ముందురోజుల్లోనే ఆరి సిద్ధమైన కుర్చీలు బండివాడు వేసుకెళ్ళాడు. వాటిని హోటల్లో దింపించి, ఒకసారి తుడిచి రావడానికి తనూ వెళ్ళాలి.

బయల్దేరేముందు బుట్టలో చెయ్యి పెట్టింది. అప్పటికే వెచ్చదనం మొదలైంది. షట్టరు కింది నుంచి ఈదురుగాలి రివ్వున వచ్చి కాళ్ళకి కొట్టింది. ఆయన ఎప్పుడూ చలికి ఓర్వలేడు. వదిన లోపలికి వెళ్ళి, ఆయన ఉన్ని శాలువా తీసుకొచ్చి, బుట్ట మీద కప్పి, అంచులు చుట్టూరా దోపింది. పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు పైన నెమ్మదిగా తట్టింది. షట్టరు కింద గోనెపట్టాలు కుక్కింది. "ఇప్పుడే వచ్చేస్తా" అని చెప్పి తాళం వేసింది.

టీచరు బడి నుంచి వచ్చేసరికి ఇంకా ఎండ పొడ ఉంది. వీధి మామూలుగానే ఉంది. గడప దగ్గర ఆగింది. వాసన మారింది. మనిషి వాసన కాదు. మాడిన పప్పుగింజల్లాంటి వాసన, ముక్కుపుటాల్ని గీకే ఘాటు. షట్టరుకి అరచెయ్యి ఆనించింది. ఆ చలిలో ఇనుప రేకు గోరువెచ్చగా ఉంది.

అప్పుడే వదిన వీధి మలుపు తిరిగి వస్తోంది. టీచరు నిలబడిన తీరు చూసి పరుగెత్తింది. తాళం తీసింది. ఇద్దరూ కలిసి షట్టరు ఎత్తారు.

లోపల మంట లేదు. వెలుతురు లేదు. గది అంతా నీలిపొగ, మోకాళ్ళ ఎత్తున, కదలకుండా, నిలవనీరులా ఉంది. మూలన బుట్ట, దాని మీద శాలువా. శాలువా నడిమధ్య గోధుమరంగు మచ్చ. చూస్తుండగానే మచ్చ నల్లబడింది, నలుపు మధ్య చిల్లు పడింది, చిల్లు అంచులు ఎర్రగా మెరుస్తూ వెడల్పయ్యాయి. లోపల ఉన్నదేదో ముసుగు తొలగించుకుని చూడబోతున్నట్టుగా ఉంది. చిన్న చిటపట కూడా లేదు. ఆ నిశ్శబ్దమే ఇద్దరినీ గడపలో నిలబెట్టేసింది.

"ఆయన కాలిపోతున్నాడు!" అంటూ వదిన ముందుకి దూకింది.

"శాలువా తియ్యకు! గాలి తగిలితే..."

ఆలస్యమైపోయింది. వదిన శాలువా పట్టి లాగింది. ఒక్క పెట్టున బుట్ట భగ్గుమంది. మంట గోడ ఎక్కి అలమర చెక్కని అందుకుంది. టీచరు వదినని జుట్టూ జాకెట్టూ దొరికింది దొరికినట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చింది. పేము నానబెట్టిన నీళ్ళతొట్టి పక్కనే ఉండటం అదృష్టం. టీచరు బకెట్టుతో తోడి పోసింది. ఎదురింటివాళ్ళు బిందెలతో వచ్చారు. ఎవరో నూనె డబ్బాలు వీధిలోకి దొర్లించారు. కాసేపటికి మంట తగ్గింది. మూలన స్టూలు లేదు. బుట్ట లేదు. గోడ మీద మాత్రం మనిషి కూర్చుని వీపు ఆనించినంత మేర నల్లటి మసి మిగిలింది.

వదిన రెండు ముంజేతులూ కాలాయి. ఆమె ఆ సంగతి గమనించలేదు. ఆసుపత్రిలో కట్టు కడుతుంటే కూడా ఎదురుగోడ వైపే చూస్తూ, "శాలువా కప్పింది నేనే" అంది. "చలేస్తుందని కప్పాను."

*

చాలా రోజులు ఆమె పనిగదిలోకి వెళ్ళలేదు. చేతుల కట్లు విప్పాక ఒక పొద్దున మేడ మీదికి వచ్చింది. టీచరు బడి సంచి సర్దుకుంటోంది.

"ఆ పాఠం మళ్ళీ చెప్పు. ఈసారి గ్లాసు వద్దు. పీలికలతోనే చూపించు."

"వదినా, ఇప్పుడెందుకు..."

"నా కళ్ళతో చూడాలి. లేకపోతే రెండుసార్లు పోగొట్టుకున్నట్టే ఉంటుంది నాకు. ఒకసారి పోయిన మనిషిని ఒకసారే ఏడవాలి."

సెలవురోజున టీచరు బడి నుంచి ఉష్ణమాపకం తెచ్చింది. పెరడు మధ్యలో, గోడలకి దూరంగా, ఇనుప పళ్ళెం పెట్టారు. పక్కన నీళ్ళ బకెట్లు. నూనెలో తడిపిన పీలికల్ని వదినే గట్టిగా ఉండచుట్టి పళ్ళెంలో పెట్టింది. దాని మధ్యలో ఉష్ణమాపకం గుచ్చారు. అలాంటి పీలికనే ఇంకోదాన్ని తీగ మీద వేరుగా ఆరేశారు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

చాలాసేపు ఏమీ జరగలేదు. వదిన చూపు తిప్పలేదు. తర్వాత పాదరసం కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. చుట్టూ ఎవరూ లేరు, నిప్పు లేదు, ఆ చోటికి ఎండ కూడా రాదు. గుడ్డల ఉండ దానంతటదే వేడెక్కుతోంది. టీచరుకి ఇదంతా తెలిసిందే. అయినా అక్కడ కూర్చుని చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. తరగతిలో ఈ మాటలు ఎన్నిసార్లు చెప్పినా, వేడెక్కుతున్న దాన్ని ఇలా మౌనంగా ఎదురుగా పెట్టుకుని ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు.

"అగ్గిపుల్ల ఏళ్ళ తరబడి పెట్టెలో ఊరికే ఉంటుందిగా. మరి ఇదేమిటి, ఎవరూ గీయకుండానే?" అడిగింది వదిన.

"ప్రతి చర్యకీ ముందొక గడప ఉంటుంది వదినా. అది దాటడానికి కాస్త శక్తి కావాలి. ఉత్తేజన శక్తి అంటాం. అగ్గిపుల్లకి ఆ గడప ఎత్తు. నువ్వు గీస్తే పుట్టే వేడితో దాటుతుంది. నూనె ఆరడానికి గడప చిన్నది. మామూలు గాలి వెచ్చదనం చాలు, దాటేస్తుంది. దాటాక వేడి పుడుతుంది. ఆ వేడికి పని ఇంకా వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే మళ్ళీ వేడి. పోయే దారి లేకపోతే అలా పోగై పోగై, చివరికి గుడ్డ మండే పెద్ద గడప కూడా దాటేస్తుంది."

"శాలువా కప్పితే?"

టీచరు వదిన ముంజేతుల మీది మచ్చల వంక చూసింది. చెప్పనక్కర్లేకపోయింది.

వదిన లేచి తీగ దగ్గరికి వెళ్ళి, ఆరేసిన పీలికని ముట్టుకుంది. చల్లగా ఉంది. "దీనికి వేడి పుట్టదా?"

"పుడుతుంది. అంతే పుడుతుంది. పుట్టింది పుట్టినట్టే గాలి తీసుకుపోతుంది."

"అంత వేడి నూనెలోకి ఎక్కడి నుంచి వచ్చిందే? నూనె చల్లగానే ఉంటుందిగా డబ్బాలో."

"అవిసె మొక్క ఎండలో నిలబడి దాచుకున్నది. ఆకు పనిచేసేటప్పుడు ఎండని లోపలికి తీసుకుంటుంది. తీసుకున్నది గింజలోకి పోతుంది, గింజలోంచి నూనెలోకి. అది వేడిలా ఉండదు. వదులు పట్టుల్లో దాగి ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి గట్టి పట్టు పట్టేదాకా అలాగే ఉంటుంది."

పళ్ళెం లోంచి వాసన లేచింది. మొదట మేస్త్రి చొక్కా వాసన. వదిన కళ్ళు మూసుకుంది. కాసేపటికి అది ముదిరి, ఘాటెక్కి, సన్నగా పొగ తీగ సాగింది. ఆమె కళ్ళు తెరిచి, ఆ పొగని తదేకంగా చూసింది.

"ఆయన కాదు" అంది.

తనే బకెట్టెత్తి నీళ్ళు కుమ్మరించింది. అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన రోజు నుంచి ఎవరి ముందూ ఏడవని మనిషి, తడి గచ్చు మీద చతికిలపడి, వీధికి వినపడేలా ఏడ్చింది. టీచరు పక్కనే కూర్చుంది. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి తీగ మీద మేస్త్రి ఆరేసిన పాత పీలికల్ని ఒక్కొక్కటే తీసి నీళ్ళలో వేశారు.

*

పనిగది గోడకి సున్నం కొట్టించి వదిన మళ్ళీ షట్టరు ఎత్తింది. మూల ఖాళీగా వదిలేసింది. పారేసే పీలికల కోసం మూత ఉన్న ఇనుప డబ్బా ఒకటి నీళ్ళు నింపి పెరట్లో పెట్టింది. ఆరేసే పీలికల మధ్య జానెడు ఎడం ఉండాల్సిందే. పని ఒకప్పటి కన్నా తక్కువే చేసేది. సాయంత్రాలు మేడ మీదికి వెళ్ళి టీచరు కాగితాలు దిద్దుతుంటే పక్కన కూర్చునేది. "ఈ పిల్లాడు వేడి బయటికొచ్చేదాన్ని లోపలికి పోయేదని రాశాడు చూడు" అంటే, "వెయ్యి సున్నా, వెధవకి" అనేది.

మరుసటి చలికాలంలో ఒక సాయంత్రం ఆమె వీధి చివర లాండ్రీకి వెళ్ళింది. లాండ్రీవాడు షట్టరు దించబోతున్నాడు. లోపల బల్ల మీద హోటళ్ళ వంటింటి తువ్వాళ్ళు ఉతికి, యంత్రంలో ఆరబెట్టి, వేడివేడిగా మడతపెట్టి, మనిషెత్తు దొంతర పేర్చి ఉన్నాయి.

"వదినగారూ, మీ దుప్పటి రేపిస్తా. ఇంటికెళ్ళే టైమైంది" అన్నాడు.

ఆమె కదల్లేదు. ముక్కు ఎగబీల్చింది. సబ్బు వాసన కింద ఇంకేదో ఉంది. మాడిన గింజల్లాంటిది.

"ఇవి ఎప్పుడు మడతపెట్టావ్?"

"మధ్యాహ్నం. ఎందుకూ?"

ఆమె దొంతర మధ్యలోకి చెయ్యి దూర్చింది. వెంటనే వెనక్కి లాగింది. వేళ్ళు చురుక్కుమన్నాయి. మధ్యాహ్నం మడతపెట్టినవి ఈపాటికి మంచులా ఉండాలి.

"షట్టరు పూర్తిగా ఎత్తు. నీళ్ళు పట్టుకురా. వీటిని కింద పరవాలి, ఒక్కొక్కటే."

"ఉతికిన బట్టలు నేల మీదా? నన్ను చంపేస్తారండీ హోటలువాళ్ళు!"

"వంటనూనె ఎంత ఉతికినా పూర్తిగా పోదు. నువ్విప్పుడు తాళం వేసి వెళితే, రేపు చంపడానికి నీ కొట్టే ఉండదు. పట్టు!"

ఆ గొంతుకి లాండ్రీవాడు పరుగున వెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. పైవి తీశారు. మధ్యలో మడతలు లేత గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ రంగు ముదిరింది. అట్టడుగు మధ్యలో ఒకటి విప్పగానే పొగ ఒక్క ఊపిరి వదిలినట్టు వదిలి ఆగిపోయింది.

"ఎవరు పెట్టారండీ నిప్పు? తాళాలన్నీ నా దగ్గరే ఉన్నాయి!"

"ఎవరూ పెట్టలేదు" అంది వదిన.

ఆ మాట అతన్ని ఇంకా భయపెట్టింది. కాలిన తువ్వాలుని నీళ్ళలో ముంచారు. మిగతావాటిని గచ్చు నిండా, కుర్చీల మీద, బల్లల మీద విడివిడిగా పరిచారు. కొట్టంతా తెల్లటి బట్టలు కప్పుకుని పడుకున్నట్టు ఉంది. ఇక వెళ్ళమంటారా అని లాండ్రీవాడు షట్టరు దగ్గర నిలబడి అడిగాడు. వదిన వాటి మధ్యలో ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. అన్నీ చల్లబడేదాకా తను కదలననీ, అతనూ కదలడానికి వీల్లేదనీ, వెళ్ళి రెండు టీలు పట్టుకురమ్మనీ చెప్పింది.